అబ్బా సైకిలు, పంచరు తానా

రంజాన్ ముందు ఇంటికి సున్నాలు వేయించడం మా అమ్మీకి ఆనవాయితీ. ఈసారి నల్లపాడు ఇంట్లో వెనక రేకుల కొట్టం ఖాళీ చేస్తుంటే అబ్బా సైకిలు బయటికొచ్చింది. నల్ల హెర్క్యులస్. కడ్డీ బ్రేకులు, వెనక పెద్ద క్యారేజీ, తోలు సీటు ఎండిపోయి తమలపాకులా ముడుచుకుపోయింది. దాని పక్కనే ఒక రేకు డబ్బా. అందులో పానాలు, ఆకురాయి, గట్టిపడిన సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబులోంచి కత్తిరించిన రబ్బరు ముక్కలు.

ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే మా భాంజా దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "యే కచ్‌రా నికాల్ డాలో మామూ" అన్నాడు. మాట కటువుగా ఉంటే ఏంరా బేటా అని కదిపాను. చాలాసేపటికి చెప్పాడు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవడో వీడి ఫోటో కింద సైకిల్ పంపు బొమ్మ పెట్టి 'పంచరు వాలా' అని రాశాడట. మిగతావాళ్ళు నవ్వారట. రాసినవాడికి మా అబ్బా సంగతి తెలియదు. వీడి పేరు మాత్రం తెలుసు. ఆ పేరున్నవాళ్ళంతా పంచర్లేసుకునేవాళ్ళే అన్నది ఆ తానా.

"వాడికి తెలీకుండానే నిజం చెప్పాడు మామూ. అదీ నా బాధ" అన్నాడు.

అదే వారం ఇంకొకాయన ఇంటికొచ్చాడు. పాత సైకిళ్ళు సేకరించే షౌక్ ఉన్న మనిషి. కొట్టం ముందు నిలబెట్టిన బండిని ఎవరో చెబితే విని కారేసుకుని వచ్చాడు. వంగి హ్యాండిల్ కింద ఉన్న రేకు బిళ్ళను రుమాలుతో తుడిచి చదివాడు. ఇంగ్లాండు సరుకు కాదని తేలేసరికి కాస్త నిరాశపడ్డాడు. అయినా ఎనిమిది వేలిస్తానన్నాడు. "ఇలాంటివి ఇక రావు సార్" అంటూ ఫ్రేము మీద చెయ్యేసి నిమిరాడు.

ఒకే బండి ఒకరికి షర్మ్, ఇంకొకరికి షౌక్. ఉర్దూ బడిలో మాకు తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర అని నేర్పారు. ఈ సైకిలుకు రెండూ ఉన్నాయి. అవి మా భాంజాకు చెప్పాలనుకున్నాను. మన ఇళ్ళల్లో ఇలాంటి తానాలు విన్న పిల్లలు ఇంకా ఉంటారు గనక ఇక్కడ కూడా రాస్తున్నాను.

ముందు దుకాణం ఖిస్సా. నరసరావుపేట రోడ్డు మీద అబ్బాది నాలుగు రేకుల దుకాణం. మా వైపు దాన్ని సైకిల్ టాక్సీ అనేవాళ్ళు. గంట లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే చోటన్నమాట. వెనక మడ్‌గార్డుల మీద తెల్ల పెయింటుతో నంబర్లు. ఒక లాంగ్ నోటు పుస్తకంలో పేరు, నంబరు, తీసుకెళ్ళిన టైము. అబ్బా ఆ పుస్తకం ఉర్దూలో రాసేవాడు, బాకీలు మాత్రం తెలుగులో రాసేవాడు. బాకీ ఉన్నవాడు వచ్చి తన పేరు తనే చదువుకోవాలని.

పిల్లలకు చిన్న సైకిళ్ళు రెండే ఉండేవి. అవి దొరకనివాళ్ళు పెద్ద సైకిలే తీసుకుని, బారు కిందనుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాళ్ళు. ఇంట్లో దాన్ని కైంచీ అనేవాళ్ళం. మోకాళ్ళు పగలకుండా నేర్చినవాడు మా తరంలో ఒక్కడూ లేడు. ఈద్ రోజు నమాజు అయ్యి, షీర్ ఖుర్మా తాగి, చేతిలో ఈదీ పడగానే పిల్లలంతా దుకాణం మీద పడేవాళ్ళు. ఆ రోజు అబ్బాకు కొత్త కమీజు వేసుకునే తీరికుండేది కాదు. మగ్రిబ్‌కి సైకిళ్ళన్నీ తిరిగొస్తే సగం వాటికి బెండులు, సగం వాటికి పంచర్లు. నేనూ మా ఆపా కూర్చుని నీళ్ళ తట్టలో ట్యూబులు ముంచి బుడగలు వెతికేవాళ్ళం. మా ఈద్ సాయంత్రాలన్నీ రబ్బరు వాసన.

ఇక అసలు తారీఖ్.

ఇప్పుడు మనం చూసే ఆకారంలో సైకిలు, అంటే రెండు సమాన చక్రాలు, మధ్యలో పెడళ్ళు, వెనక చక్రానికి గొలుసు, 1885లో వచ్చింది. ఇంగ్లాండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన తయారుచేసిన రోవర్ అది. మూడేళ్ళకు, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక మొదలుపెట్టిన పని అది. గాలి టైరుతో పాటే పంచరూ పుట్టింది. అంటే పంచరు వేసే హునర్ వయసు సుమారు నూటముప్పై అయిదేళ్ళు. అంతకుముందు ప్రపంచంలో ఏ మజ్‌హబ్ వాడూ పంచరు వాలా కాడు.

మన దేశానికి సైకిళ్ళు మొదట ఓడలో వచ్చాయి. నాటింగ్‌హామ్ నుంచి ర్యాలీ, బర్మింగ్‌హామ్ నుంచి హెర్క్యులస్, బీఎస్ఏ. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చేయడానికి పెట్టిన కంపెనీ. అందుకే వాళ్ళ గుర్తులో మూడు తుపాకులు ఆనించి నిలబెట్టి ఉంటాయి. మొదట్లో ఆ సైకిళ్ళు దొరలవి, తర్వాత వకీళ్ళవి, డాక్టర్లవి, పెద్ద రైతులవి. మామూలు మనిషికి అవి అందింది దేశం ఆజాద్ అయ్యాక, సైకిళ్ళు ఇక్కడే తయారవడం జోరందుకున్నాక. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో మురుగప్ప కుటుంబంవాళ్ళు ఇంగ్లాండు కంపెనీతో కలిసి టీఐ సైకిల్స్ పెట్టారు. హెర్క్యులస్, బీఎస్ఏ, ఫిలిప్స్ పేర్లు అక్కడినుంచే మన రోడ్లమీదికి వచ్చాయి. అప్పటికి గుంటూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1951లో సోనీపత్‌లో అట్లాస్ మొదలైంది. బెంగాల్‌లో అసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ వచ్చింది. 1956లో లుధియానాలో హీరో.

షౌక్ ఉన్న ఆయన నిరాశపడిన బిళ్ళ అంబత్తూరుదే. 1974లో మా నానా దాన్ని అమ్మీ జహేజ్‌లో ఇచ్చాడు. ఆ రోజుల్లో పెళ్ళికొడుక్కి చేతి గడియారం, రేడియో, సైకిలు. ఈ మూడూ ఇవ్వగలిగితే ఆడపిల్ల తండ్రి ఖాందాన్‌లో తలెత్తుకు తిరిగినట్టే. జహేజ్ మంచిదని నేననను. ఆ సైకిలు కోసం నానా రెండేళ్ళు అప్పు కట్టాడని అమ్మీ ఇప్పటికీ చెబుతుంది. కానీ దాని వెల ఒకప్పుడు ఎంత పెద్దదో తెలియాలంటే ఆ మాట చెప్పక తప్పదు.

ఊళ్ళో తిరగాలంటే అప్పట్లో సైకిలుకు కూడా పన్ను ఉండేది. మున్సిపాలిటీకో పంచాయతీకో కట్టి, ఇచ్చిన బిళ్ళ బండికి తగిలించుకోవాలి. చీకటి పడ్డాక లైటు లేకపోయినా, డబుల్స్ తొక్కినా పోలీసులు ఆపేవాళ్ళు. అబ్బా అద్దె సైకిలుతో పాటు ఈ జాగ్రత్తలు కూడా ఉచితంగా ఇచ్చేవాడు. 1982లో ఎన్టీఆర్ పెట్టిన పార్టీకి గుర్తుగా వచ్చాక సైకిలు బొమ్మ ప్రతి గోడకూ ఎక్కింది. ఆ బొమ్మను పామరుడు కూడా గుర్తుపడతాడంటే, అప్పటికే సైకిలు ఎంత లోతుగా ఇళ్ళల్లోకి వెళ్ళిపోయిందో చూడండి.

ఇక పత్తి, మిరప పొలాల మధ్య సైకిలు ఏం చేసింది? మా దుకాణానికి వచ్చే మనుషుల్ని గుర్తుచేసుకుంటే చాలు. ఫజర్ తర్వాత మొదట పాల క్యాన్ల వాళ్ళు. తర్వాత దూదేకుల పెద్దాయన. దూది ఏకే ఆ పొడవాటి విల్లును సైకిలుకు అడ్డంగా కట్టుకుని వచ్చేవాడు. ఎదురు బండి వస్తే దిగి నిలబడాల్సిందే. ఫిరంగిపురం, పేరేచర్ల దాకా ఊరూరా తిరిగి, వాకిళ్ళలో కూర్చుని పాత పరుపులు విప్పి ఏకి మళ్ళీ కుట్టిచ్చేవాడు. అంతకుముందు ఆయన వాలిద్ ఆ విల్లు భుజాన వేసుకుని రోజుకు ఒక ఊరు తిరిగితే, సైకిలొచ్చాక ఈయన మూడు ఊళ్ళు తిరిగాడు. ఆ మూడో ఊరి కూలి డబ్బులే తన పిల్లల్ని బడికి పంపాయని అబ్బాతో అనేవాడు. తర్వాత గాజుల సాయిబు, బట్టల మూటలవాళ్ళు, సైకిలు స్టాండేసి పెడలు తొక్కుతూ కత్తులకు సాన పట్టేవాళ్ళు. పంట కాలంలో మిరప కోతలకు పోయే కూలీలు, వాళ్ళ క్యారేజీలకు వేలాడే అన్నం గిన్నెలు.

మా నేల నల్లరేగడి. వానపడితే మడ్‌గార్డులోకి మట్టి పట్టేసి చక్రం తిరగదు. అప్పుడు సైకిలు మనిషిని మోయదు, మనిషే సైకిలును భుజానేసుకుని రోడ్డెక్కుతాడు. ఎండాకాలం తుమ్మముళ్ళు. ఈ రెండింటి మధ్య మా రోజీ.

బరువు సంగతి చెబితే మా భాంజా నమ్మలేదు. నలభై కిలోలు దాటే మిర్చి టిక్కీలు రెండు సైకిలు మీద వేసుకుని నడిపించుకుపోయే మనుషుల్ని నేను చూశాను. 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడిపోవడానికి ఒక కారణం సైకిళ్ళు. హ్యాండిల్‌కు వెదురు బొంగు కట్టి, ఒక్కో సైకిలు మీద రెండొందల కిలోలకు పైగా బియ్యం, మందుగుండు వేసి, కొండదారుల్లో తోసుకుపోయారు. ఆ సైకిళ్ళలో చాలావాటిని తయారుచేసింది ఫ్రాన్స్ కంపెనీలే.

ఇంత పనిచేసిన బండి యాభై ఏళ్ళు ఎలా నిలిచింది? అది అంత గట్టిగా చేశారు అంటాడు షౌక్ ఉన్న మనిషి. సగం నిజం. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది గనక వెనక ఎక్కువ. బరువు తెలివిగా పంచారు, ఇనుము మందంగా వాడారు. కానీ దాని అసలు గొప్ప విడిపోవడంలో ఉంది. రెండు పానాలు, ఒక సుత్తి ఉంటే మొత్తం బండిని గంటలో విప్పి నేలమీద పరచొచ్చు. ఏ కంపెనీదైనా ట్యూబు, గొలుసు, బాల్సు ఒకదానివి ఇంకోదానికి దాదాపు సరిపోతాయి. అరిగింది అరిగినంతే మారుతుంది, మిగతాది ఉండిపోతుంది. మా అబ్బా హెర్క్యులస్‌లో ఫ్రేము, హ్యాండిల్, ఆ రేకు బిళ్ళ తప్ప 1974 నాటిది ఏదీ లేదని నా అనుమానం.

అంటే ఏమిటి? ఏటా ఒకసారి ఓవరాయిలింగ్ చేసిన చెయ్యి లేకపోతే ఏ హెర్క్యులసూ, ఏ ర్యాలీ కూడా యాభై ఏళ్ళు బతకదు. బెండు తీయడం చూశారా ఎప్పుడైనా? చక్రాన్ని తిప్పి వదిలి, రిమ్ము పక్కన సుద్దముక్క పట్టుకుంటారు. ఎక్కడ సుద్ద అంటితే అక్కడ వంకర. అటువైపు స్పోకు అరచుట్టు వదులు, ఇటువైపు అరచుట్టు బిగువు. ఎక్కువ బిగిస్తే ఇంకోచోట వంకర పుడుతుంది. అబ్బా కళ్ళు మూసుకుని స్పోకుల్ని వేలితో మీటి, మోతను బట్టి ఏది వదులో చెప్పేవాడు. పంచరు వేశాక టైరు లోపల వేళ్ళు తిప్పి ముల్లు తీయకుండా ఏనాడూ బండి ఇవ్వలేదు. ముల్లు వదిలేస్తే గిరాకీ రేపు మళ్ళీ వస్తాడు కదా అని ఒకసారి నేనంటే, "వో హలాల్ నై బేటా" అన్నాడు. ఇంకేం వివరించలేదు.

పాత సైకిలు మీద ఇవాళ్టి మోజుకు ఇదే కారణమనుకుంటాను. మనం వాడే ఫోను విప్పడానికి వీల్లేదు, పాడైతే పారేయడమే. ఈ బండి మాత్రం తన లోపలంతా మనకు చూపిస్తుంది, బాగుచేయనిస్తుంది. అందుకే కారున్న మనిషి కూడా దాన్ని నిమిరి చూస్తాడు. కానీ బండిని ప్రేమించే లోకం, దాన్ని బతికించిన చెయ్యిని పట్టుకుని పంచరు వాలా అని ఎక్కిరిస్తుంది. ఈ తేడా దగ్గరే నాకు గొంతు పట్టేస్తుంది.

మనవాళ్ళు ఈ పనిలో ఎక్కువగా ఎందుకున్నారో కూడా పిల్లలకు చెప్పాలి. అది ఖాందానీ రోగమేం కాదు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన రిపోర్టు చదవండి. ముస్లిములకు నెల జీతం ఉద్యోగాలు తక్కువ, సొంత చేతిపనుల మీద బతికేవాళ్ళు ఎక్కువ అని అందులో లెక్కలతో ఉంది. బ్యాంకు అప్పు దొరకనివాడు, సిఫారసు లేనివాడు ఏం పెట్టుకోగలడు? ఒక పంపు, ఒక నీళ్ళ తట్ట, రెండు పానాలు, ఒక చెట్టు నీడ. అంతకన్నా తక్కువ పెట్టుబడితో మొదలయ్యే దుకాణం లేదు. తలుపు మూసినవాళ్ళే, బయట కూర్చున్నావేంరా అని నవ్వుతున్నారు.

ఇక పంచరు వాలాల జాబితా ఒకటి మా భాంజాకు చెప్పాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో 1892లో ఇద్దరు అన్నదమ్ములు సైకిల్ దుకాణం పెట్టారు. అమ్మడం, అద్దెకివ్వడం, బాగుచేయడం. అచ్చం మా అబ్బా పనే. పేర్లు విల్‌బర్ రైట్, ఆర్విల్ రైట్. 1903 డిసెంబరు 17న వాళ్ళు ఎగరేసిన విమానంలో రెక్కల పంకాలను తిప్పింది సైకిలు తరహా గొలుసులూ పళ్ళచక్రాలే. జపాన్‌లో సోయిచిరో హోండా తండ్రి కమ్మరి, సైకిళ్ళు బాగుచేసేవాడు. యుద్ధం అయ్యాక 1946లో హోండా మొదలుపెట్టిన పని, సైకిళ్ళకు చిన్న ఇంజన్లు బిగించడం.

"నువ్వు తొక్కే మోటార్ సైకిల్ ఏది?" అని అడిగాను.

"హీరో."

ఆ పేరు ఖిస్సా చెప్పాను. ముంజాల్ అన్నదమ్ములు నలుగురు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా ఊరివాళ్ళు. అమృత్‌సర్ వచ్చి సైకిలు విడిభాగాల వ్యాపారం పెట్టుకున్నారు. బట్వారా రోజుల్లో వాళ్ళు లుధియానాకు మారే ఏర్పాట్లలో ఉన్నారు. వాళ్ళకు సరుకిచ్చే ఒకాయన పాకిస్తాన్ వెళ్ళిపోయే ఏర్పాట్లలో ఉన్నాడు. ఆయన పేరు కరీం దీన్. సైకిలు సీట్లు తయారుచేసి తన సొంత మార్కాతో అమ్మేవాడు. పోయేముందు దోస్తును కలవడానికి వస్తే, ఓం ప్రకాశ్ ముంజాల్ ఆయన్ని ఆ మార్కా పేరు తాము వాడుకోవచ్చా అని అడిగాడు. కరీం దీన్ సరేనన్నాడు. ఆ పేరే హీరో. ఓం ప్రకాశ్ ముంజాల్ జీవిత చరిత్రలో ఈ సంగతి ఉంది. లుధియానాలో హీరో సైకిల్స్ 1986కల్లా ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్‌లోకెక్కింది. 1984లో అదే ముంజాల్ కుటుంబం, ఆ సైకిళ్ళు బాగుచేసే కమ్మరి కొడుకు పెట్టిన కంపెనీతో చేయి కలిపితే వచ్చిందే హీరో హోండా. ఊళ్ళన్నీ తగలబడుతున్న రోజుల్లో ఒక సీట్ల ఉస్తాద్ దోస్తుకు వదిలిపోయిన పేరు మీద కూర్చుని మా భాంజా రోజూ కాలేజీకి పోతున్నాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇంకో మాట మా ఆపా గుర్తుచేసింది. ఇషా నమాజు తర్వాత, గల్లీ ఖాళీ అయ్యాక, అబ్బా తనకు సైకిలు నేర్పాడు. వెనక సీటు పట్టుకుని పరుగెత్తేవాడు. నలుగురూ నాలుగు మాటలన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1991, 92 ప్రాంతంలో, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టర్ షీలా రాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఆడవాళ్ళకు సైకిలు నేర్పించారు. 1992 మహిళా దినోత్సవం రోజు 1,500 మంది ఆడవాళ్ళు సైకిళ్ళ మీద ఆ ఊరి వీధుల్లోకొచ్చారు. పల్లెల్లోని ముస్లిం అమ్మాయిలు కూడా అందులో నేర్చుకున్నారని జర్నలిస్టు పి. సాయినాథ్ రాశారు. తర్వాత 2006లో బీహార్, ఆ తర్వాత మన ఆంధ్రలో 'బడికొస్తా' పేరుతో సర్కారు బళ్ళ ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. మా ఆపా టీచర్ ట్రైనింగ్‌కి రోజూ గుంటూరు సైకిలు మీదే పోయింది. ఇప్పుడు టీచరు. ఆమె కొడుకే మా భాంజా.

2011 జనాభా లెక్కల నాటికి కూడా మన దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళల్లో సైకిలుంది. స్కూటరో మోటార్ సైకిలో ఉన్న ఇళ్ళు 21. అయినా అబ్బా దుకాణం అప్పటికే మూతపడింది. అద్దె సైకిలు అడిగేవాడు లేడు. 2020లో అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేసింది. ఆ రోజు జూన్ 3, ప్రపంచ సైకిల్ దినోత్సవం. అబ్బా ఉంటే నవ్వేవాడో ఏడ్చేవాడో.

షౌక్ ఉన్న ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. పదివేలు చేశాడు. నేను జవాబు చెప్పేలోపే అమ్మీ ఫోన్ లాక్కుంది. "అది నా జహేజ్. మా అబ్బా అప్పు చేసి ఇచ్చిన బండి. అమ్మడానికి వీళ్ళెవరు?" అని పెట్టేసింది.

ఆదివారం మా భాంజా సైకిలును వాకిట్లో బోర్లించాడు. వెనక ట్యూబు తీసి తట్టలో ముంచాడు. మూడు చోట్ల బుడగలు. మొదటి ముక్క సొల్యూషన్ ఆరకముందే అంటించాడు, ఊడిపోయింది. రెండోది నిలిచింది. టైరు లోపల వేళ్ళు తిప్పమని నేను చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పింది. ఎప్పటిదో ఎండిపోయిన తుమ్మముల్లు ఒకటి వాడి వేలికి గుచ్చుకుంది. వాల్‌ట్యూబు మాత్రం పూర్తిగా చీకిపోయింది. మిర్చి యార్డు వైపు ఒక దుకాణంలో అడిగితే జుమ్మా నాటికి తెప్పిస్తామన్నారు.